నిలబెట్టిన బండికి టైర్ల జాగ్రత్త: మోటార్‌హోమ్ ఉన్నవాళ్ళ కోసం

మా నాన్న లారీ డ్రైవరు. విజయవాడ-హైదరాబాదు రోడ్డును ఇంకా 9వ నంబరు జాతీయ రహదారి అనే రోజుల్లో ఆ దారిలో బండి నడిపాడు. సూర్యాపేట దగ్గర టీకి ఆపితే, గ్లాసు చేతికి రాకముందే జాకీ రాడ్డు పట్టుకుని బండి చుట్టూ తిరిగేవాడు. ఒక్కో టైరునీ కొట్టి వినేవాడు. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరి వెనక్కొస్తుంది, టంగుమంటుంది. తక్కువుంటే దబ్బుమని అక్కడే ఆగిపోతుంది. వేసవి సెలవుల్లో ఆయనతో వెళ్ళినప్పుడు ఆ పని నాకు అప్పజెప్పేవాడు.

అందుకే 2019లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో మేం పాత మోటార్‌హోమ్ (మంచం, వంటగది, బాత్రూము ఉన్న ప్రయాణపు బండి) కొన్నప్పుడు, టైర్ల సంగతి నాకు తెలుసనుకున్నాను. 2012 మోడలు, ఫోర్డ్ ఈ-450 ఛాసీ మీద కట్టిన 28 అడుగుల బండి. తిరిగింది 19 వేల మైళ్ళే. గ్రిప్పు చెక్కుచెదరలేదు. అమ్మినాయన "టైర్లు దాదాపు కొత్తవే" అన్నాడు. నేను రాడ్డుతో కొట్టి చూశాను, ఆరూ బాగానే మోగాయి. జూలైలో పాలో డ్యూరో కాన్యన్ చూద్దామని అత్తయ్యగారినీ పిల్లల్నీ ఎక్కించుకుని 287వ నంబరు హైవే మీద అమరిల్లో వైపు బయల్దేరాం. చిల్డ్రెస్ దాటాక, మధ్యాహ్నం మూడింటికి, వెనక ఎడమ వైపు బాంబు పేలినట్టు మోత. ఈ బండికి వెనక ఒక్కో వైపు రెండేసి టైర్లు జంటగా, ఒకటి లోపల ఒకటి బయట ఉంటాయి. బయటి టైరు పీలికలై, ఆ పీలికలు చక్రం మీది నేలను చీల్చి, బాత్రూము పైపునీ వెనక లైట్ల వైర్లనీ తెంపేశాయి. అత్తయ్యగారు పడుకున్న మంచం అక్కడికి రెండడుగుల దూరంలో ఉంది. ఆవిడకు ఏమీ కాలేదు. ఆ రెండడుగులు మాత్రం నేనిప్పటికీ మర్చిపోలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, లోపలి టైరులో గాలి మెల్లగా దిగిపోతూ ఉంది. దాని బరువు కూడా బయటి టైరే మోసింది. ఆ మోసిన టైరుకు ఎనిమిదేళ్ళ వయసు.

నాన్న లారీ ఏడాది పొడుగునా తిరిగేది. దాని టైర్లకు ముసలితనం వచ్చేలోపే అరుగుదల వచ్చేది. మోటార్‌హోమ్‌కు లెక్క తిరగబడుతుంది. మా బండి ఏడాదికి నాలుగు వేల మైళ్ళు తిరిగితే గొప్ప. మిగతా కాలమంతా ఒకేచోట, అంత బరువుతో, ఎండలో నిలబడి ఉంటుంది. ఎండనీ, గాలిలోని ఓజోన్‌నీ తట్టుకోవడానికి టైరు రబ్బరులో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. చక్రం తిరుగుతూ టైరు వంగి లేస్తుంటే అవి పైకి ఊరుతూ ఉంటాయి. నిలబెట్టేస్తే ఊరవు. పై పొర ఎండి, పక్కభాగం మీద సన్నటి బీటలు మొదలవుతాయి. గ్రిప్పు చూసి టైరు బాగుందనడం ఈ బండ్ల విషయంలో పెద్ద పొరపాటు. మా మరిది పోయిన నెల ఫీనిక్సులో ఇలాంటిదే కొన్నాడు. "వదినా, టైర్లు నిగనిగలాడుతున్నాయి" అని ఫోన్ చేశాడు. "డేటు చూశావా?" అన్నాను. చూడలేదు. అతనికి గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

డేటు చదవడం

టైరు పక్కభాగం మీద "డాట్" అనే మూడు ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే వరస ఒకటి ఉంటుంది. దాని చివర నాలుగంకెలే మనకు కావాలి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పేలిపోయిన మా టైరు మీద 3511 అని ఉంది, అంటే 2011లో 35వ వారం. ఆ నాలుగంకెలు ఒక వైపే ఉండి, రెండో వైపు వరస సగంలో ఆగిపోవచ్చు. అలాగైతే తారీఖు లోపలి వైపుకు తిరిగి ఉన్నట్టు. బండిని సమతలంలో ఆపి, ఇంజిను కట్టేసి, చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టాక ఫోను కెమెరా లోపలికి పెట్టి ఫొటో తీయండి. స్టెప్నీని మర్చిపోవద్దు. అది ఒక్కసారి కూడా నేలను తాకకపోయినా వయసు మీదపడుతూనే ఉంటుంది.

ఎన్నేళ్ళకు మార్చాలి? ఐదేళ్ళు దాటాక ఏటా తెలిసినవాళ్ళతో తనిఖీ చేయించమనీ, ఎంత బాగున్నా తయారైన పదేళ్ళకు తీసేయమనీ మిషెలిన్ చెబుతుంది. మాది టెక్సాస్ ఎండ, పైగా బండి ఆరుబయట ఉంటుంది. కనక నేను ఏడేళ్ళకు గీత గీశాను. తనిఖీలో బీటలు లోతుగా కనిపించినా, పక్కభాగం ఎక్కడైనా ఉబ్బినా, గ్రిప్పు ఒకచోట ఎత్తుగా లేచినా ఏడేళ్ళ దాకా ఆగేది లేదు. కొత్తవి కొనేటప్పుడు కూడా బిగించకముందే డేటు చూపించమనండి. ఏడాదిన్నర గోడౌన్లో ఉన్న సరుకు అంటగట్టబోతే వద్దనండి. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో మీ టైర్లను కంపెనీ వెనక్కి పిలిచిందేమో కూడా చూసుకోవచ్చు.

బరువు తెలియకుండా గాలి లెక్క తేలదు

మా బండివి ఎల్‌టీ 225/75 ఆర్ 16 సైజు టైర్లు. 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఒంటరిగా ఉన్న టైరు 2,680 పౌండ్లు, జంటలో ఉన్న టైరు 2,470 పౌండ్లు మోస్తుందని పక్కభాగం మీదే అచ్చుపోసి ఉంటుంది. వెనక నాలుగు జంట టైర్లు కలిపి 9,880 పౌండ్లు. ఈ అంకె ముందు పెట్టుకుని బండిని తూకం వేయించాలి. అదీ సామాను లేని ఖాళీ బండిని కాదు. నీళ్ళు, పెట్రోలు, గ్యాసు, వంట సరుకులు, మనుషులు, అన్నీ ఎక్కాక తూయించాలి.

హైవే పక్కన ట్రక్కులు ఆగే చోట్ల క్యాట్ తూకాలు ఉంటాయి. ముందు ఇరుసు ఒక పలక మీద, వెనక ఇరుసు ఇంకో పలక మీద ఉండేలా ఆపితే రెండు బరువులూ విడివిడిగా చీటీ మీద వస్తాయి. మాకు ముందు 4,180, వెనక 9,120 వచ్చింది. హమ్మయ్య, ఏడొందల పైచిలుకు పౌండ్లు మిగిలే ఉంది అనుకున్నాం. తర్వాత లివింగ్‌స్టన్ వెళ్ళాం. ఎస్కేపీస్ అనే మోటార్‌హోమ్ క్లబ్బు ప్రధాన కార్యాలయం ఆ ఊళ్ళో ఉంది. వాళ్ళు ఒక్కో చక్రం దగ్గర విడిగా తూస్తారు. అక్కడ బయటపడింది అసలు సంగతి: వెనక కుడి జంట మీద 4,330, ఎడమ జంట మీద 4,790. ఎడమ జంట మోయగలిగింది 4,940. అంటే మిగులు 150 పౌండ్లే, ఇద్దరు పిల్లలు అటు వెళ్ళి కూర్చుంటే తీరిపోయేంత. ఫ్రిజ్జు, నీళ్ళ ట్యాంకు, నేను సామాను సర్దే అల్మరా, మూడూ ఎడమ వైపే ఉన్నాయి. ఆ అల్మరాలో రెండు 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు, వెట్ గ్రైండరు, ఇనుప పెనాలు. నీళ్ళు గాలనుకు 8.3 పౌండ్లు, మా ట్యాంకు 40 గాలన్లు, అంటే 330 పౌండ్ల పైమాటే. ఇప్పుడు గ్రైండరు ఇంట్లోనే ఉంటుంది, పిండి రుబ్బుకునే వెళ్తాం. బియ్యం కుడి వైపుకు మారింది. ట్యాంకు మూడో వంతు నింపి బయల్దేరి, మిగతాది క్యాంపు దగ్గర పట్టుకుంటాం.

బరువు తెలిశాక టైరు కంపెనీ ఇచ్చే బరువు-గాలి పట్టిక చూడాలి. ఒకే ఇరుసు మీద ఉన్న టైర్లన్నిటికీ ఒకే గాలి ఉండాలి, అది బరువెక్కువ ఉన్న వైపును బట్టి ఉండాలి. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద కూడా సైజు, గాలి, ఇరుసు మోయగల బరువు రాసి ఉంటాయి. తూకం వేయించేదాకా ఆ స్టిక్కరు మీది గాలినే పాటించండి. వేయించాక కూడా ఆ అంకె కన్నా తగ్గించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. బండి కుదుపు తగ్గుతుందని గాలి తీసేవాళ్ళను క్యాంపుల్లో చూస్తుంటాను. బాధేస్తుంది.

గాలి చూసే పద్ధతి

చల్లటి టైరులోనే చూడాలి. బండి ఆగి మూడు గంటలన్నా అయి ఉండాలి. పొద్దున్నే, ఎండ ఒక వైపు టైర్ల మీద పడకముందు చూడటం ఉత్తమం. ఎండ తగిలిన వైపు ఎక్కువ చూపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే గాలి సుమారు రెండు శాతం తగ్గుతుంది. అక్టోబరులో 60 డిగ్రీల పొద్దున 80 పెట్టిన టైరు, జనవరిలో 30 డిగ్రీల పొద్దున 75 చూపిస్తుంది. ఎక్కడా చిల్లు లేకుండానే.

రోడ్డెక్కి వేడెక్కాక పది పదిహేను పీఎస్‌ఐ పెరుగుతుంది. అది మామూలే. వేడి టైరులోంచి గాలి తీయకూడదు. తీస్తే చల్లారాక తక్కువపడుతుంది, మర్నాడు అదే తక్కువతో బయల్దేరతారు.

రాడ్డుతో కొట్టడం గురించి ఒక మాట. ఇక్కడి ట్రక్కు డ్రైవర్లు కూడా కర్రతో కొట్టి చూస్తారు. పూర్తిగా కూర్చుండిపోయిన లోపలి టైరును అది పట్టిస్తుంది. 80కీ 60కీ తేడా మాత్రం నా చెవికి తెలియలేదు, ప్రాణం మీదికి తెచ్చింది ఆ తేడాయే. ఉండాల్సిన గాలిలో ఐదో వంతు తగ్గి తిరిగిన టైరును గాలి లేకుండా తిరిగిన టైరుగానే లెక్కగట్టాలి. అంటే 80 ఉండాల్సింది 64కు దిగితే, అందులో మళ్ళీ గాలి కొట్టి వెళ్ళిపోకూడదు. విప్పించి లోపల చూపించాలి. ఇప్పుడు నేను నాన్నలాగే ఆగిన ప్రతిచోటా కొడతాను, పొద్దున మాత్రం గేజి లేకుండా బండి కదపను.

జంట టైర్లు, వాల్వులు

మా ప్రమాదానికి మూలం ఇక్కడుంది. లోపలి టైరు వాల్వుకు చెయ్యి అందదని పాత యజమాని సాగే గొట్టం ఒకటి తగిలించాడు. దాని బిగింపు దగ్గర్నుంచే గాలి పోయింది. ఆ గొట్టాలు తీయించి, లోపలి చక్రానికి పొడవాటి లోహపు వాల్వులే వేయించాం. మామూలు కార్లకు వేసే రబ్బరు వాల్వులు 65 పీఎస్‌ఐ వరకే పనికొస్తాయి. 80 పెట్టే బండికి లోహపువి లేదా ఎక్కువ గాలికని చేసినవి కావాలి. టైర్లు మార్చినప్పుడల్లా వాల్వులు కూడా మార్పించండి, ఖర్చు తక్కువ. క్యాపులు లోపల రబ్బరు వాషరున్న లోహపువి కొనండి.

జంటలో ఒకటి గాలి లేకుండా తిరిగితే రెండోది కూడా పాడైనట్టే. అది రెట్టింపు బరువు మోసింది. ఒకటి కొత్తది, ఒకటి పాతది జతకట్టడమూ తప్పే. వ్యాసంలో పావు అంగుళం కన్నా తేడా ఉంటే పెద్దదే బరువంతా మోస్తుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. చిల్డ్రెస్‌లో షాపువాళ్ళు ఒక్క టైరు వేసి పంపించేస్తామన్నారు. ఆ రాత్రికి అక్కడే ఉండి, మర్నాడు రెండూ వేయించుకుని, ఇంటికొచ్చాక మిగతావీ స్టెప్నీతో సహా మార్చాం. చక్రం విప్పి బిగించాక 50 నుంచి 100 మైళ్ళ లోపు నట్లు మళ్ళీ టార్క్ రెంచితో, బండి పుస్తకంలో రాసిన అంకెకు బిగించి చూడాలి. మెరిసే స్టీలు మూతలుంటే అవి విప్పితేగానీ నట్లు కనబడవు. బద్ధకించకండి.

ఆ తర్వాత టైర్ల గాలిని కనిపెట్టి చెప్పే టీపీఎంఎస్ పెట్టించాం. ఆరు వాల్వుల మీదా చిన్న సెన్సర్లు, డ్రైవరు ముందు ఒక తెర. గాలి ఎనిమిది పది పీఎస్‌ఐ దిగగానే అరుస్తుంది. 2019 జూలైలో అది ఉండుంటే లోపలి టైరు సంగతి విచిటా ఫాల్స్ దగ్గరే తెలిసేదేమో. సెన్సరు బరువుకు రబ్బరు వాల్వు ఊగి చిరుగుతుంది కనక దానికీ లోహపు వాల్వే కావాలి.

నెలల తరబడి నిలబెట్టేటప్పుడు

మా కాలనీ సంఘం ఇళ్ళ ముందు మోటార్‌హోమ్ పెట్టనివ్వదు. కాబట్టి ఊరి చివర అద్దె స్థలంలో, ఆరుబయట పెడతాం. నవంబరు నుంచి మార్చి వరకూ, మళ్ళీ ఆగస్టు ఎండల్లో కొంతకాలం అది అక్కడే. నేను చేసే వరస ఇది.

ముందు టైర్లు కడుగుతాను. గాఢత తక్కువ సబ్బు, నీళ్ళు, మెత్తటి బ్రష్షు, అంతే. తళతళలాడించే డ్రెస్సింగులు వాడను. పెట్రోలియం లేదా ఆల్కహాలు ఉన్నవి రబ్బరును రక్షించే పదార్థాలను కరిగించేస్తాయి. అమ్మేవాళ్ళు టైర్లను నల్లగా మెరిపించి చూపించేది వాటితోనే. కడిగేటప్పుడు రెండు వేళ్ళతో జంట టైర్ల మధ్య తడిమి చూస్తాను, ఇరుక్కున్న రాళ్ళుంటాయి. ఒకసారి అరచేతి వెడల్పు కంకర రాయి దొరికింది.

తర్వాత బరువు దించుతాను. నీళ్ళ ట్యాంకులన్నీ ఖాళీ. డబ్బాలు, పుస్తకాలు, గిన్నెలు ఇంటికి. గాలిని టైరు పక్కభాగం మీద రాసిన గరిష్ఠానికి, చల్లగా ఉన్నప్పుడు నింపుతాను. రిమ్ము తట్టుకునే గాలి అంతకన్నా తక్కువైతే ఆ అంకె దగ్గరే ఆగాలి. నెలల తరబడి గాలి కొంత దిగుతుంది, నిండుగా ఉంటే కింది భాగం చదునుగా అయ్యేదీ తగ్గుతుంది. వసంతంలో బయల్దేరేముందు మళ్ళీ ప్రయాణపు గాలికి సరిచేయాలి, ఇది రాసి స్టీరింగుకు అంటించుకుంటాను.

నేల విషయంలో జాగ్రత్త కావాలి. తారు, కాంక్రీటు, తడి మట్టి, వీటిమీద నేరుగా నెలల తరబడి నిలబెట్టకుండా మధ్యలో చెక్క వేస్తాం. మా ఆయన ప్లైవుడ్ పలకలు కోసి అంచులు ఏటవాలుగా చెక్కారు. వెనక జంటకు 24 అంగుళాల వెడల్పు పలక. పలక టైరు నేలనానే భాగం కన్నా అన్ని వైపులా పెద్దది కావాలి. అంచు దాటి టైరు వేలాడితే లోపలి తీగల మీద భారం పడి అక్కడే దెబ్బతింటుంది. జంటలో ఒకటి పలక మీద, ఒకటి గాలిలో ఉండేలా పెట్టినవాళ్ళను చూశాను. దానికన్నా పలక లేకపోవడమే నయం. కింద నూనె, డీజిలు మరకలుంటే చోటు మార్చండి. జాకీలతో బండిని లేపి వెనక చక్రాలు నేల విడిచేలా వదిలేయకండి, అప్పుడు పార్కింగ్ బ్రేకు పట్టి ఉంచేదేమీ ఉండదు.

ఎండ కోసం తెల్లటి టైరు కవర్లు. మొదటి ఏడాది వేయలేదు. ఆ స్థలంలో బండి కుడి వైపు పడమటికి ఉండేది, స్టెప్నీకి లేని బీటలు కుడి ముందు టైరుకు వచ్చాయి. అప్పట్నుంచి కవర్లు లేకుండా వదల్లేదు, ఏటా బండి నిలబెట్టే దిక్కు కూడా మారుస్తున్నాను. షెడ్డులో పెట్టేవాళ్ళయితే పక్కన వెల్డింగు మెషీనో, ఎలక్ట్రిక్ మోటార్లో నడవకుండా చూసుకోండి. వాటినుంచి ఓజోన్ పుడుతుంది.

నెలకోసారి గేజితో వెళ్తాను. రెండు మూడు నెలలకోసారి, రోడ్ల మీద మంచు లేని రోజు చూసుకుని, ప్రయాణపు గాలికి సరిచేసి పాతిక ముప్ఫై మైళ్ళు నడిపి తెస్తాను. ఇంజిను స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచితే టైర్లకు ఒరిగేదేమీ లేదు. చక్రం తిరగాలి, టైరు వేడెక్కాలి, ఆ మైనం పైకి రావాలి. ఒక్కోసారి అత్తయ్యగారు కూడా వస్తారు, డెంటన్ దాకా వెళ్ళి, ఆపి, కాఫీ తాగి వస్తాం.

దారిలో ముందు టైరు పేలితే

ఇది ఒక్కటి ఇంట్లో నడిపేవాళ్ళంతా నోటికి నేర్చుకోవాలి. బ్రేకు తొక్కకూడదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు తీయకుండా బండి తిన్నగా వచ్చేదాకా వేగం నిలుపుకుని, ఆ తర్వాత మెల్లగా కాలు తీసి, దానంతట అది నెమ్మదించాక పక్కకు తేవాలి. మనసు బ్రేకు తొక్కమంటుంది, తొక్కితే బండి పేలిన వైపుకు లాగేస్తుంది. మా ఆయనా నేనూ ఖాళీ పార్కింగులో కళ్ళ ముందు ఊహించుకుంటూ ఈ వరస పదిసార్లు పైకి చెప్పుకున్నాం. హైవే పక్కన మీరే జాకీ పెట్టకండి. దారిలో బండి ఆగిపోతే ఆదుకునే మీ సహాయ పాలసీ మోటార్‌హోమ్‌కు వర్తిస్తుందో లేదో ఇంట్లో ఉండగానే అడగండి, చాలా కార్ల పాలసీలు దానికి వర్తించవు. టెక్సాస్‌లో కొన్నిచోట్ల గంటకు 75, 80 మైళ్ళ వేగం అనుమతిస్తారు, మేం 62 దాటం.

మా టైర్ల మీద ఇప్పుడు 1919 అని ఉంది. ఏడేళ్ళు 2026 మే నెలకు నిండుతాయి. గ్రిప్పు అప్పటికీ సగం పైనే ఉంటుంది, షాపులో "ఇంకో రెండేళ్ళు తిరుగుతాయి కదండీ" అంటారు. స్టెప్నీతో కలిపి ఏడు టైర్లూ మార్చడానికి డబ్బు నెలనెలా విడిగా పెడుతున్నాను.